కూర్చోలేని బిడ్డ విషయంలో ఆలస్యం వద్దు

సూర్యాపేట: ఏడాది నిండినా బిడ్డ కూర్చోడు. పిలిస్తే తల తిప్పడు. "వాళ్ల నాయనకూ అన్నీ ఆలస్యంగానే వచ్చినయి" అని నాయనమ్మ సర్దిచెబుతుంది. అట్లా రెండు మూడేళ్లు గడుస్తాయి. మెదడు చురుగ్గా ఎదిగే ఏళ్లు అవే.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్యబృందం ప్రతి అంగన్‌వాడీకి ఏడాదిలో రెండుసార్లు రావాలి. ఆ రోజు బిడ్డను తప్పక చూపించాలి. రాకపోతే అంగన్‌వాడీ టీచరును అడగాలి.

బడి ఈడు పిల్లలకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో భవిత కేంద్రాలున్నాయి. కదల్లేని పిల్లల ఇంటికే ఉపాధ్యాయులు వెళతారు. ఫీజు లేదు. అయితే బిడ్డను చంకనెత్తుకుని బస్సెక్కే తల్లికి ఆ పూట కూలి పోతుంది. ఆ లెక్క ఏ రిజిస్టరులోనూ కనిపించదు.

పింఛనుకు వైకల్య ధ్రువపత్రం కావాలి. వివరాలు మీసేవలో అడగవచ్చు.