సమాన చిహ్నం: తొలి ప్రోగ్రామింగ్ పాఠంలో ఒక అర్థభేదం

ప్రవేశిక

ఇంటర్మీడియట్‌లో గణితం చదివి ఇంజనీరింగ్ లేదా డిగ్రీ కళాశాలలో చేరిన విద్యార్థికి ప్రోగ్రామింగ్ పాఠాల ఆరంభంలోనే ఎదురయ్యే వాక్యం ‘క = క + 1’. అప్పటివరకు నేర్చిన బీజగణితం ప్రకారం ఇది అసాధ్యమైన సమీకరణం. రెండు వైపులా ‘క’ను తీసివేస్తే సున్నా ఒకటికి సమానమని తేలుతుంది. ప్రోగ్రామింగ్‌లో మాత్రం ఇది నిత్యం రాయవలసిన వాక్యం. ‘ఇక్కడ సమానం అంటే సమానం కాదు’ అన్న ఒక్క మాటతో ఈ వైరుధ్యాన్ని దాటవేయడం తరగతి గదుల్లో పరిపాటి. తరువాతి వారాల్లో కనిపించే పలు దోషాలు ఈ దాటవేత నుండే పుడుతున్నాయి కాబట్టి దీనిని కొంత నిదానంగా పరిశీలించవలసి ఉంది.

గుర్తు మారిన తీరు

సమానత్వానికి రెండు సమాంతర రేఖల గుర్తును 1557లో వేల్స్‌కు చెందిన రాబర్ట్ రికార్డ్ తన గణిత గ్రంథంలో ప్రవేశపెట్టాడు. ఒకే పొడవుగల రెండు సమాంతర రేఖల కన్నా సమానమైనవి వేరే ఉండవన్నది ఆయన చూపిన కారణం. ఆ గుర్తు ఒక స్థితిని తెలుపుతుంది, ఎవరినీ ఏ పనీ చేయమనదు. సరిగ్గా నాలుగు వందల ఏళ్లకు, 1957లో ఐబిఎం సంస్థ విడుదల చేసిన ఫోర్ట్రాన్ భాషలో అదే గుర్తు ఆజ్ఞగా మారింది. కుడివైపున ఉన్నదానిని లెక్కగట్టి, ఫలితాన్ని ఎడమవైపు పేరుగల చోట ఉంచమని దాని అర్థం.

ఈ అర్థభేదాన్ని గుర్తించినవారు లేకపోలేదు. ఆల్గాల్ 60 భాషలోనూ, నిక్లాస్ విర్త్ బోధన కోసం 1970లో ప్రకటించిన పాస్కల్‌లోనూ ఈ ఆజ్ఞకు ‘:=’ అనే వేరు గుర్తు ఉంది. 1964లో డార్ట్‌మత్ కళాశాలలో కెమెనీ, కుర్ట్జ్ రూపొందించిన బేసిక్‌లో వాక్యానికి ముందు ‘లెట్’ అన్న మాట చేర్చారు. బెల్ ప్రయోగశాలల్లో డెనిస్ రిచీ రూపొందించిన సి భాష మాత్రం ఆజ్ఞకు ‘=’ను, పోలికకు ‘==’ను నిర్ణయించింది. తరచుగా రాసే గుర్తు పొట్టిగా ఉండటం వృత్తి నిపుణులకు అనుకూలమే కానీ, కొత్తగా నేర్చుకొనేవారికి కాదు. అమెరికాలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కంప్యూటర్ సైన్స్ పరీక్ష 1984లో పాస్కల్‌తో మొదలై, 1999లో సి++కు, తరువాత జావాకు మారింది. ఆ మార్పులో ‘:=’ కూడా బోధన నుండి తొలగిపోయింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కళాశాలల్లో చాలాకాలం సి తొలి భాషగా ఉండటం వల్ల విద్యార్థులలో అత్యధికులు ‘:=’ను చూసి ఎరుగరు.

తరగతిలో కనిపించే దోషాలు

అన్నిటికన్నా పేరుపొందిన దోషం, సి భాషలో షరతు రాసేటప్పుడు ‘క == 5’కు బదులు ‘క = 5’ అని రాయడం. అప్పుడు పోలిక జరగదు. ‘క’లో 5 చేరుతుంది. ఆ 5 సున్నా కాదు కాబట్టి షరతు ఎల్లప్పుడూ నిజమవుతుంది. పైథాన్ ఇటువంటి రాతను వ్యాకరణ దోషంగా అప్పటికప్పుడే తిరస్కరిస్తుంది. సి అంగీకరిస్తుంది, మహా అయితే కంపైలర్ ఒక హెచ్చరిక ఇస్తుంది.

ఇంతకన్నా లోతైనది రెండవ దోషం. ‘గ = క + ఖ’ అని రాసిన తరువాత ‘క’ విలువ మారితే, ‘గ’ కూడా దానంతట అదే మారుతుందని విద్యార్థి ఆశిస్తాడు. దీనిని అజ్ఞానంగా భావించడం సరికాదు. సమీకరణంలో అది నిజం, స్ప్రెడ్‌షీట్‌లోనూ నిజం. సి, జావా వంటి భాషల్లోనే అది చెల్లదు.

మూడవది విలువల మార్పిడి. ‘క’లో 5, ‘ఖ’లో 7 ఉన్నప్పుడు ‘క = ఖ’, ‘ఖ = క’ అని వరుసగా రాస్తే రెండింటిలోనూ 7 మిగులుతుంది. దీనిని వివరించడానికి అధ్యాపకులు పాల గ్లాసు, నీళ్ల గ్లాసు, మధ్యలో ఖాళీ గ్లాసు ఉదాహరణ చెబుతారు. మూడో గ్లాసు అవసరాన్ని అది చక్కగానే చూపుతుంది. అయితే ఒంపగానే మొదటి గ్లాసు ఖాళీ అవుతుంది. కంప్యూటర్‌లో ‘క = ఖ’ అన్న తరువాత ‘ఖ’ ఖాళీ కాదు, 7 అక్కడే ఉంటుంది. ఇక్కడ పలక మేలైన ఉపమానం. ఒక పలక మీది అంకెను చూసి రెండో పలక మీద రాసుకుంటే మొదటిది చెరగదు. రెండో పలక మీద పూర్వం ఉన్నది మాత్రం చెరిగి, మళ్లీ దొరకదు.

తెలుగు వాక్యక్రమం ఇచ్చే వెసులుబాటు

‘క = క + 1’ను ఆంగ్లంలో ‘కె ఈక్వల్స్ కె ప్లస్ వన్’ అని చదివినప్పుడు పని జరిగే క్రమం మరుగునపడుతుంది. తెలుగులో దానిని ‘కకు ఒకటి కలిపి, వచ్చినదానిని కలో రాయి’ అని చదవవచ్చు. ‘కలిపి’ క్త్వార్థకం కనుక లెక్క ముందు, రాత తరువాత అన్న పౌర్వాపర్యం వ్యాకరణంలోనే ఇమిడి ఉంది. ‘రాయి’ విధ్యర్థకం కనుక ఇది ఆజ్ఞ అనీ తెలుస్తుంది. ‘==’ను షరతులో ‘క ఐదు అయితే’ అని చేదర్థకంతో చదవాలి. అప్పుడు రెండు గుర్తులు రెండు క్రియారూపాలుగా చెవికే వేరుపడతాయి. పాఠ్యపుస్తకం, పరీక్ష ఆంగ్లంలోనే ఉన్నా, నల్లబల్ల మీది ప్రతి పంక్తిని తెలుగులో ఇలా చదివించడానికి అడ్డేమీ లేదు.

2004లో రేమండ్ లిస్టర్, సహ పరిశోధకులు పలు దేశాల విద్యార్థులపై జరిపిన అధ్యయనంలో, చిన్న ప్రోగ్రామ్‌ను పంక్తి పంక్తిగా చదివి ఫలితం చెప్పడంలోనే చాలామంది తడబడ్డారు. రాయించడానికి ముందు చదివించడం అవసరమన్న వాదానికి ఇది బలమైన ఆధారం. మూడు పంక్తులు ఇచ్చి, ప్రతి పంక్తి తరువాత ఏ పేరులో ఏ విలువ ఉందో పట్టికగా రాయమనే ప్రశ్నకు ప్రయోగశాల కూడా అక్కరలేదు.

సికి బదులు పైథాన్‌ను ప్రవేశపెడితే సమస్య తీరుతుందన్న అభిప్రాయం పాక్షికంగానే ఒప్పు. షరతులో జరిగే పొరపాటు తగ్గుతుంది కానీ, అక్కడ కొత్త చిక్కు మొదలవుతుంది. పైథాన్‌లో ‘క’ ఒక జాబితా అయినప్పుడు ‘ఖ = క’ అంటే నకలు తయారు కాదు. ‘ఖ’ ద్వారా ఒక అంశాన్ని మార్చితే ‘క’లోనూ ఆ మార్పు కనిపిస్తుంది. అంతవరకు ఉపయోగపడిన రెండు పలకల ఉపమానం ఇక్కడ చెల్లదు. ఒకే పలకకు రెండు పేర్లున్నాయని అధ్యాపకుడు ఆ రోజు కొత్తగా చెప్పవలసి వస్తుంది.