ఏరియల్ స్తంభము: నిలుపుట, కాపాడుకొనుట

పూర్వము రేడియో కొన్న ఇంట మొదటి పని డాబామీద రెండు వెదురుగడలు నాటి, వాని నడుమ రాగితీగ కట్టుట. గాలికి గడ పడినచో ఆ పూట పాట వినరాదు. అంతకుమించిన నష్టము లేదు. కాని వినుటయే గాక మాటలాడుట కూడ నేర్చిన రేడియో ప్రియులు కొందరు మన నడుమ ఉన్నారు. ప్రభుత్వము జరపు పరీక్షలో కృతార్థులై, లైసెన్సు పొంది, లాభాపేక్ష లేక, ఇంటినుండియే దూరదేశములవారితో సంభాషించు వీరిని అమెచ్యూర్ రేడియోవారనియు, వాడుకలో హామ్‌లనియు పిలుచుచున్నారు. వీరిలో పెక్కుమందికి వెదురుగడ చాలదు, ఇనుప స్తంభము కావలెను. దానిని ప్రాణాపాయము లేకుండ నిలుపుట ఎట్లో, నిలిపినదానిని కాపాడుకొనుట ఎట్లో ఇచ్చట ముచ్చటింతుము.

ఇది కొద్దిమంది వేడుక మాత్రమేనని కొందరికి తోచవచ్చును. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వారి బృందము, శ్రీమతి భారతీ ప్రసాద్ గారి నాయకత్వమున, అండమాన్ దీవులకు పోయి పోర్ట్ బ్లెయిర్‌లో ఒక కేంద్రమును నెలకొల్పెను. అప్పటికి అది వేడుకయే. కాని ఆ నెల 26వ తేదీన భూకంపమును, వెనువెంట సునామీయును వచ్చి టెలిఫోనులు మూగవోయినప్పుడు, ఆ కేంద్రమే దీవులలోనివారి క్షేమసమాచారములను బయటి లోకమునకు చేరవేసెను. మన తీరమునకును ఇట్టి దినములు క్రొత్తవి కావు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను, 2014 అక్టోబరు 12న విశాఖను ఊపివేసిన హుద్‌హుద్‌ను మరువగలవారెవరు?

చిక్కు ఇచ్చటనే ఉన్నది. ఏ గాలి టెలిఫోను తీగలను తెంచునో, ఆ గాలియే ఏరియల్ స్తంభమును కూడ కూల్చును. అక్కర వచ్చిన దినమున స్తంభము పనికి రావలెనన్నచో, అక్కర లేని దినములలో దానిని గూర్చి శ్రద్ధ వహింపవలెను.

మొదట గాలి బలమును గ్రహింతము. గాలి వేగము రెట్టింపైనచో దాని ఒత్తిడి రెట్టింపగునని చాలమంది తలంతురు. అది పొరపాటు, ఒత్తిడి నాలుగింతలగును. గంటకు 90 కిలోమీటర్ల గాలి, తనకు ఎదురుగా నున్న ప్రతి చదరపు మీటరు మీదను సుమారు 38 కిలోల బరువుతో ఒత్తును. 180 కిలోమీటర్ల గాలి ఒత్తిడి సుమారు 150 కిలోలు. భారతీయ ప్రమాణముల ననుసరించి కట్టడముల లెక్కకు విశాఖపట్టణము, విజయవాడలలో తీసికొనవలసిన మూలవేగము సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు ఆ 180 కిలోమీటర్లే. హైదరాబాదుకు 44 మీటర్లు. గాలికి అర చదరపు మీటరు అడ్డుపడు ఏరియల్‌ను 12 మీటర్ల స్తంభము కొనకు బిగించితిమనుకొందము. తుఫాను నాడు 75 కిలోల బరువును ఆ కొనకు కట్టి అడ్డముగా లాగినట్లే. స్తంభము మీద పడు గాలి దీనికి అదనము. కనుక స్తంభమును ఎన్నుకొనునప్పుడు ఎంత బరువు మోయునని గాక, ఎంత గాలిని ఓర్చునని అడుగవలెను.

ఎంత ఎత్తు కావలెనన్నది తరువాతి ప్రశ్న. దూరదేశములకు మాట చేరుటకు ఏరియల్ కనీసము అర తరంగదైర్ఘ్యము ఎత్తున ఉండుట మేలు. 14 మెగాహెర్ట్జులకు ఇది సుమారు 10 లేక 11 మీటర్లు. పొరుగువాని స్తంభముకంటె మన స్తంభము ఎత్తుగా నుండవలెనను పంతమునకు శాస్త్రమున స్థానము లేదు. విమానాశ్రయము చేరువలో నున్నవారు ముందుగా అధికారుల అనుమతి పొందవలెను.

చోటు ఎన్నుకొనుటలో మొదటి నియమము విద్యుత్తు తీగలకు దూరము. స్తంభము, దానిపై ఏరియల్ కలిపి ఎంత ఎత్తో, కనీసము దానికి ఒకటిన్నర రెట్లు దూరమున కరెంటు తీగలు ఉండవలెను. అనగా, ఏ దిక్కునకు పడినను తీగను తాకరాదు. వీధిలోని 11 వేల వోల్టుల తీగకు పైతొడుగు ఉండదు. ఇనుపగొట్టము దానికి తగిలినచో గొట్టమును పట్టుకొన్నవారందరును ఒక్క క్షణమున ఆహుతి యగుదురు. తడిలేని కట్టెయైనను, రబ్బరు చెప్పులైనను అంత వోల్టేజి నుండి కాపాడజాలవు.

స్తంభపు బలము పునాదిలో ఉన్నది. కాంక్రీటు మరునాటికే గట్టిపడినట్లు కనబడును గాని, పూర్తి బలమునకు 28 దినములు పట్టును. అంతవరకు నీరు పెట్టుచు ఓపిక పట్టవలెను. డాబాల మీద నిలుపువారు తరచుగ చేయు తప్పు ఒకటి కలదు: స్టే వైర్లను పిట్టగోడకు బిగించుట. పిట్టగోడ మనుష్యులు పడకుండ కట్టినదే గాని లాగుటను ఓర్చుటకు కట్టినది కాదు. కొక్కెములను కాంక్రీటు స్తంభములలోనో దూలములలోనో నాటింపవలెను.

స్టే వైర్లు మూడు దిక్కులకు, సమాన కోణములలో ఉండవలెను. వాని కొక్కెములు స్తంభపు ఎత్తులో నూటికి 60 నుండి 80 వంతుల దూరమున ఉండుట వాడుక. 12 మీటర్ల స్తంభమునకు సుమారు 7 మొదలు 10 మీటర్లు. తీగను వీణతంత్రివలె బిగింపరాదు. అది తెగు బలములో పదవవంతు బిగువు చాలును. ఇక తీగ చివర మడిచి వేయు యు-క్లాంపు చిన్న వస్తువే గాని, దానిని తారుమారు చేసినందున స్తంభములు కూలుట కలదు. క్లాంపులోని గట్టి దిమ్మ బరువు మోయు పొడుగు తీగమీద ఉండవలెను. వంపు తిరిగిన బోల్టు మడిచిన పొట్టి కొసమీద ఉండవలెను. తలక్రిందులు చేసినచో ఆ బోల్టు మోయు తీగనే నలిపివేయును.

ఇప్పుడు అన్నింటికంటె ముఖ్యమైన సంగతికి వత్తము. స్తంభము పడుటకంటె స్తంభముమీది మనిషి పడుట ఘోరము. తాటిచెట్టు నెక్కు గీత కార్మికుడు మోకు లేక చెట్టు ముట్టడు. అయినను పట్టు తప్పినవారు ఉన్నారు. ఎందువలన? మోకు మనిషిని చెట్టుకు ఆనించి నిలుపునే గాని, జారిన మనిషిని ఆపజాలదు. ఈ కొరతను తీర్చుటకే 2024లో తెలంగాణ ప్రభుత్వము ‘కాటమయ్య రక్షణ కవచం’ అను పేరుతో గీత కార్మికులకు రక్షణ సామగ్రిని ఈయ మొదలిడెను. నడుమునకు మాత్రము కట్టు తోలుబెల్టును మోకువంటిదే. స్తంభమెక్కువారు తొడలను, భుజములను కలిపి పట్టు పూర్తి హార్నెస్ ధరింపవలెను. దానికి రెండు కొక్కెపు తాళ్లు ఉండవలెను. ఒకటి పైన తగిలించిన పిమ్మటనే రెండవది విప్పవలెను. ఎక్కునప్పుడును, దిగునప్పుడును, పని చేయునప్పుడును, ఏ క్షణమునను రెండును విడిచి ఉండరాదు. “ఒక్క అడుగే గదా” అనుకొన్న ఆ ఒక్క అడుగులోనే ప్రమాదము పొంచియుండును.

ఒంటరిగా ఎన్నడును ఎక్కరాదు. పైవాడు తాటిన వ్రేలాడవలసివచ్చినచో, హార్నెస్ కాపాడినను, కదలక వ్రేలాడుట కొద్ది నిమిషములలోనే ప్రాణాంతకము కావచ్చును. అతనిని దింపు ఉపాయమును ఎక్కకముందే నిశ్చయించుకొనవలెను. క్రిందివారు హెల్మెట్ ధరించి, స్తంభపు మొదటికి దూరముగ నిలువవలెను. 12 మీటర్ల నుండి జారిన స్పానరు గంటకు 55 కిలోమీటర్ల వేగముతో నేలను తాకును. కనుక పనిముట్లను నడుమునకు తాటితో కట్టుకొనవలెను. తక్కినవానిని కప్పీమీదుగా బక్కెటలో పంపవలెను. ఆజ్ఞలిచ్చువాడు ఒక్కడే ఉండవలెను. ప్రసారయంత్రము ఆపి, దాని తాళపుచెవి ఎక్కువాని జేబులో ఉండుట మంచిది. పని చేయుచున్న ఏరియల్‌ను ముట్టినచో చేయి కాలును. గాలి, వాన, ఉరుము ఉన్ననాడు పని మానవలెను. పైన కందిరీగల తుట్టె ఉన్నదేమో క్రిందినుండియే చూచుకొనవలెను.

పిడుగు విషయమున స్తంభపు ప్రతి కాలును మందపు రాగిపట్టీతో భూమిలోని ఎర్తుకడ్డీకి కలుపవలెను. పట్టీకి మెలికలు ఉండరాదు. మెరుపు వంకర దారి నొల్లదు. స్తంభపు ఎర్తును, ఇంటి ఎర్తును ఒకటిగా కలుపుట తప్పనిసరి. విడివిడిగా నుంచినచో పిడుగు విద్యుత్తు ఒకదానినుండి వేరొకదానికి మన యంత్రముగుండనే దారి చేసికొనును. ఇంత చేసినను, ఉరుము వినబడకముందే ఏరియల్ తీగను ఇంటి వెలుపల ఊడదీయుట ఉత్తమము.

ఏటికి రెండు మారులు స్తంభమును పరీక్షింపవలెను: వానలకు ముందు మే నెలలో ఒకమారు, తుఫానులకు ముందు సెప్టెంబరులో ఒకమారు. బోల్టులు, క్లాంపులు, టర్న్‌బకిళ్లు చూడవలెను. సముద్రతీరమున ఉప్పుగాలి జింకుపూతను త్వరగా తినివేయును. గొట్టపు కాళ్లలో నీరు నిలిచినచో పైకి మెరయుచునే లోపల తుప్పు పట్టును. కనుక అడుగున నీరు పోవు రంధ్రము పూడుకొనకుండ చూడవలెను. ఒకమారు మేము చేసిన ఇట్టి పరీక్షలో, రంగు చెక్కుచెదరని ఒక కాలు సుత్తిదెబ్బకు అట్టవలె లోపలికి పోయెను. ముందు కాలు తట్టి చూడక ఎక్కియుండినచో ఏమయ్యెడిదో తలంచుకొన్నచో ఇప్పటికిని గుండె ఝల్లుమనును. పాత స్తంభమును విప్పుట క్రొత్తది నిలుపుటకంటె అపాయకరము. తాత్కాలికపు తాళ్లు కట్టక ఒక్క స్టేనైనను వదలింపరాదు.

తుఫాను హెచ్చరిక వచ్చిననాడు ఏమి చేయవలెను? వంచుటకు వీలైన స్తంభమును, గాలి రాకముందే, వార్త విన్న పూటనే దింపవలెను. గాలి మొదలైన తరువాత ఎవరును దానిని సమీపింపరాదు. దింపినచో అక్కరకు ఏరియల్ ఉండదేమోనని భయపడ నక్కరలేదు. 7 మెగాహెర్ట్జులకు కావలసినది 20 మీటర్ల రాగితీగ మాత్రమే. దానిని చుట్టగా చుట్టి ఇంటిలో దాచి, తుఫాను వెలసిన పిమ్మట నాలుగైదు మీటర్ల ఎత్తున రెండు మోడుల నడుమ కట్టినచో, తరంగములు నిట్టనిలువుగ పైకెగసి, అయనావరణమున తగిలి, చుట్టుపట్ల కొన్ని వందల కిలోమీటర్ల మేర తిరిగి దిగును. పగటివేళ జిల్లా కేంద్రముతోను, రాజధానితోను మాటలాడుటకు అది చాలును.

అనగా, ఆపత్కాలమున తుదకు ఆదుకొనునది మన పాత రాగితీగయే. దానిని కట్టుటకును, మీట నొక్కుటకును ఒక మనిషి మాత్రము సజీవుడై ఉండవలెను. మీ ఇంటనో, పొరుగింటనో స్తంభమెక్కు యువకుడున్నచో, అతని హార్నెస్‌ను ఒకమారు అడిగి చూడుడు. అతడు పైనున్నంతసేపు క్రింద తోడుగా నిలువుడు.