చూరు కింద కందిరీగలు

పండక్కి బ్రాడీపేట నుంచి పల్లెలో ఇంటికి వెళితే, చూరు కింద కందిరీగల గూడు కనిపిస్తుంది. వెంటనే కాగడా వెలిగించకండమ్మా! పక్కనున్న గడ్డివామి అంటుకోవచ్చు. పైగా దండంతా మీదికొస్తుంది. తేనెటీగ ఒకసారి కుట్టి, ముల్లు వదిలి చచ్చిపోతుంది. కందిరీగ అలా కాదు, ఎన్నిసార్లయినా కుడుతుంది.

పెరటి చివర చెట్టుమీద ఉంటే దాని జోలికి పోకండి. పత్తి, మిరప చేలల్లో గొంగళిపురుగుల్ని పట్టుకుపోయి పిల్లలకు మేపేది అదేగా! గుమ్మం మీద ఉంటే మాత్రం పట్లు దించడం తెలిసినవాళ్ళను పిలిపించండి.

కుడితే సున్నం రాస్తారు మనవాళ్ళు. అది చర్మాన్ని కాలుస్తుంది. సబ్బునీళ్ళతో కడిగి చల్లటి తడిగుడ్డ వేస్తే చాలు. పెదవులు వాచినా, ఆయాసం వచ్చినా, కళ్ళు తిరిగినా ఇంటివైద్యం పెట్టుకోకుండా వెంటనే 108కి ఫోను చేయండి.