పెట్టుబడి ఒకరిది, విద్య ఒకరిది

మా విజయపురి సౌత్‌లోనూ, చుట్టుపక్కల తండాల్లోనూ పసిబిడ్డలకు ఆరో వారంలో, పదో వారంలో, పధ్నాలుగో వారంలో నోట్లో చుక్కల మందు వేస్తారు. రోటావైరస్ అనే సూక్ష్మజీవి వల్ల కలిగే తీవ్రమైన నీళ్ళ విరేచనాల నుంచి బిడ్డను కాపాడే టీకా అది. 2016లో భారత ప్రభుత్వం ఈ టీకాను ఉచితంగా ఇవ్వడం ఆరంభించినప్పుడు తొలివిడతలో ఎంపికైన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. తక్కినవి ఒడిశా, హర్యానా, హిమాచల్ ప్రదేశ్. బిడ్డకు చుక్కలు వేయించుకొని ఇంటికి మరలే తల్లికి ఆ మందు వెనుక ఎన్ని చేతులు పనిచేశాయో తెలియదు. అయితే వ్యాపారం గురించి, పిల్లల చదువుల గురించి, దాచుకున్న సొమ్ము గురించి మన ఇళ్ళలో జరిగే చర్చలకు ఆ చేతుల కథతో దగ్గరి సంబంధం ఉన్నదని మేము భావిస్తున్నాము.

1980వ దశకం మధ్యలో ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రిలో పుట్టిన కొందరు శిశువులకు రోటావైరస్ సోకింది. కానీ వారికి విరేచనాలు పట్టుకోలేదు. డాక్టర్ ఎం.కె. భాన్, ఆయన సహచరులు ఈ వింతను గమనించారు. అలా సోకిన బిడ్డలకు తరువాతి కాలంలో ఆ జబ్బు తీవ్రంగా రావడం లేదని కూడా గ్రహించారు. అంటే ఆ బలహీనమైన వైరస్సే టీకాకు ముడిసరుకు అన్నమాట. ముడిసరుకు దొరికినంత మాత్రాన మందు తయారైపోదు. దానిని పెంచాలి, శుద్ధి చేయాలి, వేలమంది బిడ్డలపై పరీక్షించాలి, లక్షల డోసులుగా తయారుచేయాలి. ఆసుపత్రికి కర్మాగారం లేదు. కర్మాగారం ఉన్నవారి చేతిలో ఆ వైరస్ లేదు.

1990వ దశకం చివర ఈ పనిలోకి హైదరాబాదుకు చెందిన భారత్ బయోటెక్ వచ్చింది. కృష్ణ ఎల్లా, సుచిత్ర ఎల్లా దంపతులు 1996లో స్థాపించిన సంస్థ అది. భారత ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం, అమెరికాలోని ప్రభుత్వ పరిశోధనా సంస్థలు, పాథ్ అనే స్వచ్ఛంద సంస్థ, గేట్స్ ఫౌండేషన్ తలా ఒక భారం మోశాయి. ఒకరు ధనమిచ్చారు, ఒకరు పరీక్షా పద్ధతులు నేర్పారు, ఒకరు తయారీ బాధ్యత తీసుకున్నారు. ఢిల్లీ, పుణె, వేలూరుల్లో దాదాపు 6,800 మంది శిశువులపై జరిగిన తుది పరీక్షల ఫలితాలు 2013లో వెలువడ్డాయి. 2015లో రోటావ్యాక్ పేరుతో టీకా విడుదలైంది. మొదటి పరిశీలన నాటి నుంచి లెక్కిస్తే ఇంచుమించు ముప్పై ఏళ్ళు!

ఇందులో మమ్మల్ని అన్నిటికన్నా ఆకర్షించినది ధర. డోసుకు ఒక డాలరు మాత్రమే తీసుకుంటామని టీకా విడుదలకు ముందే సంస్థ మాట ఇచ్చింది. ప్రజల సొమ్ము, ప్రజల ఆసుపత్రిలో దొరికిన వైరస్, ప్రజల బిడ్డలపై జరిగిన పరీక్షలు కలిసినప్పుడు ఫలితం కూడా ప్రజలకు అందుబాటులో ఉండాలన్న అవగాహన ఆ మాటలో ఉంది. ఈ టీకా సంపూర్ణ రక్షణ ఇవ్వదన్నదీ నిజమే. తుది పరీక్షల్లో మొదటి ఏడాది తీవ్రమైన జబ్బును అది సుమారు 56 శాతం మేరకు అరికట్టింది. దాన్ని దాచకుండా చెప్పినందుకే మాకు ఆ లెక్కల మీద నమ్మకం కలిగింది. (టీకాల విషయంలో మన మొహల్లాల్లో అప్పుడప్పుడు వినిపించే పుకార్ల గురించి వేరుగా వ్రాయవలసి ఉంది. ఇక్కడ ఒక్క మాట చాలు: తెలియని సంగతిని తెలిసినవారిని అడగడం ధర్మం, తెలియకుండా ప్రచారం చేయడం పాపం.)

పెద్ద సంస్థలు బయటివారితో కలిసి కొత్త వస్తువులను తయారుచేయడాన్ని ఈనాడు వ్యాపార విద్యాలయాల్లో ఒక శాస్త్రంగా బోధిస్తున్నారు. హైదరాబాదులో 2015లో ప్రారంభమైన టీ-హబ్ వంటివి ఇందుకోసమే వెలిశాయి. అంకుర సంస్థలు, అంటే స్టార్టప్‌లు, ఒక చూరు కింద చేరతాయి. పాతుకుపోయిన కంపెనీలు తమ చిక్కుముళ్ళను తెచ్చి వారి ముందు పెడతాయి. 2025లో మంగళగిరిలో ప్రారంభమైన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ కూడా ఈ కోవలోనిదే. దాని ప్రాంతీయ కేంద్రాలకు పేరున్న పారిశ్రామిక సంస్థలు తోడుగా ఉన్నాయి. పెద్ద కంపెనీకి ఈ అవసరం ఎందుకు వచ్చిందని పాఠకులు అడగవచ్చు. దానికి కర్మాగారం ఉంది, అనుమతులు ఉన్నాయి, సరుకును ఊరూరా చేర్చే మనుషులున్నారు. లేనిది తెగువ. నడుస్తున్న వ్యాపారాన్ని కాపాడుకోవడంలోనే దాని శక్తి అంతా ఖర్చవుతుంది. చిన్న సంస్థకు తెగువ ఉంటుంది, విద్య ఉంటుంది. వచ్చే నెల జీతాలకు డబ్బు ఉండదు.

ఆ చిన్న సంస్థ పడే పాట్లు ఎలా ఉంటాయో తెలియాలంటే శాంతా బయోటెక్నిక్స్ చరిత్ర చూడాలి. నెల్లూరు జిల్లాలో పుట్టిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి వైద్యుడు కారు, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. 1992లో జెనీవాలో జరిగిన ఒక సదస్సుకు వెళ్ళినప్పుడు హెపటైటిస్-బి అనే కాలేయ వ్యాధి తీవ్రత ఆయనకు తెలిసింది. విదేశీ టీకా అప్పట్లో డోసుకు వందల రూపాయలు పలికేది. నలుగురు బిడ్డలున్న కూలి మనిషి ఆ మాట తలపెట్టే స్థితి కాదు. 1993లో ఆయన తన తల్లి పేరు మీద సంస్థను పెట్టారు. సొంత ప్రయోగశాల లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం కొంత చోటిచ్చింది. ఆ తరువాత హైదరాబాదులోని సీసీఎంబీ తన తలుపులు తెరిచింది. కొత్త శాస్త్రాన్ని నమ్మి డబ్బు పెట్టేవారు స్వదేశంలో కరువైనప్పుడు ఒమన్ దేశపు విదేశాంగ వ్యవహారాలు చూసిన యూసుఫ్ బిన్ అలవీ పెట్టుబడి పెట్టి భాగస్వామి అయ్యారు. భారత ప్రభుత్వ సాంకేతిక అభివృద్ధి మండలి రుణ సహాయం చేసింది. ఈస్ట్ జాతికి చెందిన ఒక సూక్ష్మజీవిలో వైరస్ జన్యువును చేర్చి, దాని చేత టీకాకు కావలసిన మాంసకృత్తును తయారుచేయించారు. 1997 ఆగస్టులో షాన్‌వ్యాక్-బి విడుదలైంది. వందల్లో ఉన్న ధర పదుల్లోకి దిగివచ్చింది.

ఒక తెలుగు ఇంజనీరు ఆలోచన, ఒక అరబ్బు పెద్దమనిషి సొమ్ము, ఒక ప్రభుత్వ ప్రయోగశాల ఆశ్రయం కలిసి చేసిన పని ఇది. ఆ సంస్థ తరువాతి కథ అంత సాఫీగా సాగలేదు. 2009లో ఫ్రాన్సుకు చెందిన సనోఫీ, సంస్థ విలువను 55 కోట్ల యూరోలుగా లెక్కగట్టి, అధిక భాగాన్ని కొనుగోలు చేసింది. తక్కువ ధరకు టీకా తయారుచేసే నేర్పును ఒక మహా సంస్థ తన ఇంట్లో పెంచుకోలేక హైదరాబాదుకు వచ్చి కొనుక్కున్నది. మరుసటి ఏడాదే, అయిదు వ్యాధులకు కలిపి ఇచ్చే వారి టీకాలో నాణ్యతా లోపం కనిపించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన గుర్తింపును ఉపసంహరించింది. దానిని తిరిగి సంపాదించడానికి 2014 వరకు పట్టింది. పెద్ద చెయ్యి తోడైనంత మాత్రాన సీసాలోని మందు దానంతటదే శుద్ధం కాదు.

ఇక మన ధర్మం వైపు వద్దాం. బయటివారి విద్యను స్వీకరించడం మనకు కొత్త కాదు. హిజ్రత్ ప్రయాణంలో దైవప్రవక్త ముహమ్మద్ (స), హజ్రత్ అబూబక్ర్ (రజి) ఎడారి దారులు చూపడానికి అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్‌ను కూలికి కుదుర్చుకున్నారు. అతడు అప్పటికి ముస్లిం కాడు. అయినా దారి తెలిసినవాడు, నమ్మదగినవాడు. తమ రెండు ఒంటెలను ముందుగానే అతనికి అప్పగించి, మూడు రాత్రుల తరువాత సౌర్ గుహ వద్దకు తీసుకురమ్మన్నారు. ప్రాణాలను ఆ మనిషి చేతిలో పెట్టారు. అహ్‌జాబ్ యుద్ధ సమయంలో మదీనా చుట్టూ కందకం త్రవ్వాలన్న ఆలోచన హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) ఇచ్చినది. అది పర్షియా వారి పద్ధతి, అరబ్బులు ఎరుగనిది. ఖైబర్ తోటలను అక్కడి యూదు రైతులకే సాగుకు వదిలి, పండినదానిలో సగం పంచుకునే ఒడంబడిక చేసుకున్నారు. తోట నడిపే నేర్పు వారిది కనుక.

ఫిఖ్హ్ గ్రంథాల్లో ఇటువంటి ఒప్పందాలకు ప్రత్యేక అధ్యాయాలే ఉన్నాయి. సొమ్ము ఒకరిది, శ్రమ ఒకరిది అయితే ముదారబా. ఇద్దరూ సొమ్ము పెడితే ముషారకా. ముదారబాలో లాభాన్ని నిష్పత్తిగా ముందే నిర్ణయించుకోవాలి. సగం, మూడోవంతు, ఇలా. నెలకు ఇంత ఇవ్వాలని స్థిరమైన మొత్తం చెప్పుకుంటే అది భాగస్వామ్యం కాదు, వడ్డీకి వేసిన ముసుగు. నష్టం వస్తే సొమ్ము పెట్టినవాడు సొమ్ము కోల్పోతాడు, శ్రమించినవాడు తన శ్రమ కోల్పోతాడు. అజాగ్రత్త, ద్రోహం ఉంటే తప్ప శ్రమించినవాని ఇంటి తలుపులు పీక్కోవడానికి వీల్లేదు. మా పల్నాటి రైతులకు ఈ సూత్రం వేరే చెప్పనక్కరలేదు. కౌలుకూ పాలుకూ తేడా వారికి తెలుసు. వాన కురవకపోయినా కౌలు కట్టవలసిందే. పాలుకు ఇచ్చిన భూమిలో కరువు వస్తే ఇద్దరికీ కరువే.

ఇంత చక్కని మార్గం మన చేతిలో ఉండగా మన సొమ్ము ఎక్కడ ఉన్నది? వడ్డీ భయంతో బ్యాంకులో కదలకుండా పడి ఉన్నది, బీరువాలో నగలుగా ఉన్నది. ఫార్మసీ, ఇంజనీరింగ్ చదివిన మన పిల్లలేమో గల్ఫ్ వీసా కోసం ఎదురుచూస్తున్నారు. ఈ రెంటికీ నడుమ వంతెన లేదు. ఆ ఖాళీలోకే మోసగాళ్ళు ప్రవేశించారు. హలాల్ లాభం అని చెప్పి ప్రతినెలా స్థిరమైన మొత్తాలు పంచిన సంస్థలు కుప్పకూలినప్పుడు బెంగుళూరులో, హైదరాబాదులో ఎన్ని ముస్లిం కుటుంబాలు వీధిన పడ్డాయో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అక్కడ గడ్డాలు చూశారు, లెక్కల పుస్తకం చూడలేదు. ఏ సరుకు అమ్మి ఆ లాభం వస్తున్నదో ఎవరూ అడగలేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మాచర్లలో ఏళ్ళ తరబడి మిర్చి వ్యాపారం చేస్తున్న కుటుంబం ఉందనుకోండి. కల్లాల్లో నేల మీద ఆరబోసిన కాయకు తేమ తగిలితే బూజు పడుతుంది. దానివల్ల పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం కనబడితే విదేశీ కొనుగోలుదారు సరుకును వెనక్కు పంపుతాడు. ఆ వ్యాపారికి రైతులు తెలుసు, యార్డు తెలుసు, ధర తెలుసు, యంత్రం తెలియదు. అదే వీధిలో ఇంజనీరింగ్ ముగించిన కుర్రవాడు సూర్యరశ్మితో కాయను ఆరబెట్టే గూడు ఒకటి తయారుచేయగలనంటాడు. సాధారణంగా ఏమి జరుగుతుంది? వ్యాపారి అతనిని నెల జీతానికి పెట్టుకుంటాడు, లేదా "చూద్దాంలే బాబూ" అని పంపేస్తాడు.

అలా కాక, ఒక్క పంటకాలానికి, పది బస్తాల కాయతో పరీక్ష పెట్టుకోవచ్చు. ఖర్చు వ్యాపారిది. ఆరిన కాయను ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. మామూలు కాయకన్నా అదనంగా పలికిన ధరలో ఎవరి వాటా ఎంతో ముందే వ్రాసుకోవాలి. యంత్రం నమూనా ఎవరి సొత్తు, అతడు దానిని వేరే వ్యాపారికి అమ్మవచ్చునా, రెండో ఏడాదికి ఒప్పందం పొడిగించే హక్కు ఎవరిది, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ అప్పుల లావాదేవీలను వ్రాసుకోవడం గురించి, సాక్షులను పెట్టుకోవడం గురించి అవతరించినది. అయినా మనవాళ్ళు "మన మధ్య కాగితాలేమిటి" అంటారు. మేము చూసిన తగాదాల్లో ఎక్కువ భాగం ఈ మాటతో మొదలైనవే. పెద్ద సంస్థలు చిన్నవారి ఆలోచనను వినడానికి పిలిచి, విన్న తరువాత తామే తయారుచేసుకోవడం లోకంలో ఉన్నదే. మిర్చి కొట్టులోనూ అది జరగవచ్చు. చిన్నవానికి కాగితమే కవచం.

స్త్రీల సొమ్ము గురించి ఒక మాట. హజ్రత్ ఖదీజా (రజి) తన సరుకును దైవప్రవక్త (స) చేతికిచ్చి సిరియాకు పంపినది వివాహానికి పూర్వం. సొమ్ము ఆమెది, నిర్ణయం ఆమెది. అయితే ఈ రోజు ఒక ఇల్లాలు తన మహర్ నగలతో ఇటువంటి భాగస్వామ్యంలో చేరదలిస్తే, నగను నగగా అప్పగించరాదు. ముదారబాకు మూలధనం నగదుగా ఉండాలన్నది మా హనఫీ ఉలమాల సాధారణ అభిప్రాయం. కనుక ముందు నగను అమ్మి, వచ్చిన రూపాయలను ఒప్పందపత్రంలో ఆమె పేరు మీదనే చూపాలి. వాటా కూడా ఆమె ఖాతాకే చేరాలి. ఆ పత్రం ఒక ప్రతి భర్త బీరువాలో కాక ఆమె దగ్గరే ఉండాలి.