అమెరికా హామ్ రేడియో యాంప్లిఫయర్లు – యూరప్ విద్యుత్ సరఫరా: ఒక వివరణ

వ్యాససంగ్రహం:
అమెరికా విపణి కోసం తయారైన హామ్ రేడియో యాంప్లిఫయర్లలో అనేకం 120 వోల్టులకూ 240 వోల్టులకూ అమర్చుకోదగినవి. అందువల్ల 230 వోల్టుల యూరప్ సరఫరాపై అవి ఇబ్బంది లేకుండా పనిచేస్తాయన్న అభిప్రాయం సహజంగా కలుగుతుంది. ఈ అభిప్రాయం ఎంతవరకు సరైనదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వోల్టేజితోపాటు పౌనఃపున్యాన్ని, భూమితో తీగలకుండే సంబంధాన్ని లెక్కలోకి తీసుకోవలసిన అవసరాన్ని సోదాహరణంగా వివరించి, అందుబాటులో ఉన్న పరిష్కారాల గుణదోషాలను చర్చిస్తుంది.

కీలకపదాలు: హామ్ రేడియో, యాంప్లిఫయర్, ట్రాన్స్‌ఫార్మర్, పౌనఃపున్యం, అయస్కాంత అభివాహం, సంతృప్త స్థితి, న్యూట్రల్.

1. ఉపోద్ఘాతం:

వృత్తిగా కాక అభిరుచితో, ప్రభుత్వ అనుమతి పొంది రేడియో ప్రసారాలు జరిపేవారిని హామ్‌లు అంటారు. వారి ప్రసారిణి సాధారణంగా 100 వాట్ల శక్తిని ఇస్తుంది. దాన్ని అనేక రెట్లు పెంచే పరికరమే యాంప్లిఫయర్. మన పాఠ్యపుస్తకాల్లో దీన్ని ‘వర్ధకం’ అన్నారు. అమెరికాలో హామ్‌లకు అనుమతించిన గరిష్ఠ శక్తి 1500 వాట్లు. అక్కడి తయారీ సంస్థలు పెద్ద యాంప్లిఫయర్లను రూపొందించాయి. హీత్‌కిట్ సంస్థ ఎస్‌బి-220, కాలిన్స్ సంస్థ 30ఎల్-1 వీటిలో ప్రసిద్ధమైనవి. ఇవి పాతబడినా మరమ్మతుకు లొంగే పరికరాలు కావడంతో సముద్రాలు దాటి చేతులు మారుతుంటాయి.

ఇటువంటి పరికరం వెనుకవైపు ‘240 వోల్టులు’ అన్న సంఖ్య కనిపిస్తుంది. యూరప్‌లో ఇంటి సరఫరా 230 వోల్టులు. పది వోల్టుల తేడాను ఎవరూ పట్టించుకోరు. కానీ నానార్థాలున్న పదానికి సందర్భాన్ని బట్టి అర్థం నిర్ణయమైనట్లే, ఈ 240కీ సందర్భం ఉంది. అమెరికాలో ఆ సంఖ్యకున్న అర్థం వేరు, యూరప్‌లో వేరు. ఆ భేదాన్ని గుర్తించకపోతే పరికరానికీ, కొన్ని సందర్భాల్లో వాడేవారికీ ప్రమాదం.

2. రెండు పంపిణీ పద్ధతులు:

అమెరికా గృహాలకు వచ్చే సరఫరాకు మూలం 1880లలో ఎడిసన్ ప్రవేశపెట్టిన మూడు తీగల పద్ధతి. వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్ గౌణ తీగచుట్ట నడిమి బిందువును భూమికి కలిపి, దాన్ని న్యూట్రల్‌గా తీసుకుంటారు. ఆ తీగచుట్ట రెండు కొసలూ రెండు ఫేజ్ తీగలుగా ఇంట్లోకి వస్తాయి. ఏ ఫేజ్‌కైనా న్యూట్రల్‌కూ మధ్య 120 వోల్టులు. రెండు ఫేజ్‌ల మధ్య 240 వోల్టులు. దీపాలు, చిన్న పరికరాలు 120పైనా, పొయ్యి వంటి భారీ పరికరాలు 240పైనా నడుస్తాయి. పౌనఃపున్యం 60 హెర్ట్జ్.

యూరప్ గృహంలో సాధారణంగా ఒక ఫేజ్, ఒక న్యూట్రల్, ఒక ఎర్త్ ఉంటాయి. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు. పౌనఃపున్యం 50 హెర్ట్జ్. పూర్వం ప్రధాన భూభాగంలో 220, బ్రిటన్‌లో 240 వోల్టులు ప్రామాణికంగా ఉండేవి. తరువాత రెండింటినీ కలిపి 230గా నిర్ణయించారు. అనుమతించిన వ్యత్యాసాన్ని బట్టి ఇది 253 వోల్టుల వరకు పెరగవచ్చు.

అంటే అమెరికా 240లో ఏ తీగా భూమికన్నా 120 వోల్టులను మించి ఉండదు. యూరప్ 230లో ఒక తీగ పూర్తిగా 230 వోల్టుల మీద, రెండవది దాదాపు సున్నా మీద ఉంటాయి. ఇది మొదటి భేదం. రెండవది పౌనఃపున్యం. ముందుగా దీన్నే పరిశీలిద్దాం.

3. పౌనఃపున్యం – ట్రాన్స్‌ఫార్మర్:

ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప దిమ్మెలో ఏర్పడే అయస్కాంత అభివాహం, ప్రాథమిక తీగచుట్టకు ఇచ్చిన వోల్టేజికి అనులోమానుపాతంలోనూ, పౌనఃపున్యానికీ చుట్ల సంఖ్యకూ విలోమానుపాతంలోనూ ఉంటుంది. చుట్ల సంఖ్య స్థిరం. కనుక వోల్టేజిని పౌనఃపున్యంతో భాగించగా వచ్చే సంఖ్య అభివాహానికి కొలమానం అవుతుంది.

240 వోల్టులు, 60 హెర్ట్జ్‌ల వద్ద ఈ విలువ 4.0. అదే తీగచుట్టను 50 హెర్ట్జ్‌ల సరఫరాకు కలిపితే, 220 వోల్టుల వద్ద 4.4, 230 వద్ద 4.6, 240 వద్ద 4.8 అవుతుంది. వోల్టేజి 240 నుంచి 230కి తగ్గినా, అభివాహం తగ్గకపోగా 15 శాతం పెరిగింది. 253 వోల్టుల వద్ద ఈ పెరుగుదల 26 శాతం దాటుతుంది. 60 హెర్ట్జ్‌లకే రూపొందిన ట్రాన్స్‌ఫార్మర్‌కు 50 హెర్ట్జ్‌ల వద్ద 240తో సమానమైన వోల్టేజి నిజానికి 200 మాత్రమే.

ఇనుము భరించగల అభివాహానికి హద్దు ఉంది. దాన్నే సంతృప్త స్థితి అంటారు. బరువు, ఖర్చు తగ్గించుకోవడానికి తయారీదారులు ఆ హద్దుకు దగ్గరగానే ట్రాన్స్‌ఫార్మర్‌ను రూపొందిస్తారు. హద్దు దాటినప్పుడు అయస్కాంతీకరణ ప్రవాహం ఒక్కసారిగా పెరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ రొద చేస్తుంది, వేడెక్కుతుంది. కాలక్రమంలో తీగల మీది నిరోధక పూత మాడుతుంది. స్విచ్ వేసిన క్షణంలో వచ్చే ప్రవాహపు ఉప్పెన కూడా పెద్దదవుతుంది.

ఇక్కడ తరచు ఒక పొరపాటు జరుగుతుంది. జర్మనీలో ఉన్నతశ్రేణి అనుమతి గలవారికి కూడా పరిమితి 750 వాట్లే. 1500 వాట్ల యాంప్లిఫయర్‌ను సగం శక్తితో వాడితే వేడి సమస్య ఉండదని భావిస్తారు. శూన్యనాళికల విషయంలో ఇది నిజం. కానీ అభివాహం బయటికి వెళ్ళే శక్తిని బట్టి కాక, లోనికి వచ్చే వోల్టేజిని బట్టి నిర్ణయమవుతుంది. ప్రసారం ఏమీ జరగకుండా యాంప్లిఫయర్ ఊరికే ఆన్‌లో ఉన్నా సంతృప్త స్థితి వల్ల కలిగే వేడి ఉంటుంది.

4. తీగల అమరిక – భద్రత:

ఈ యాంప్లిఫయర్ల ట్రాన్స్‌ఫార్మర్లలో తరచుగా 120 వోల్టుల ప్రాథమిక తీగచుట్టలు రెండు ఉంటాయి. 120 వోల్టులకు వాటిని సమాంతరంగా, 240కి శ్రేణిలో కలుపుతారు. యూరప్‌లో శ్రేణి అమరికనే వాడాలి. ఒక కొసకు ఫేజ్‌నూ, రెండవ కొసకు న్యూట్రల్‌నూ, పరికరపు లోహపు పెట్టెకు ఎర్త్‌నూ కలపాలి. అమెరికా పద్ధతిలో న్యూట్రల్ కోసం నాలుగవ తీగ గల పరికరమైతే మరింత జాగ్రత్త అవసరం. పంకా, రిలే వంటివి ఆ న్యూట్రల్‌కూ ఒక ఫేజ్‌కూ మధ్య 120 వోల్టుల మీద పనిచేస్తుంటాయి. ‘న్యూట్రల్’ అన్న పేరును నమ్మి యూరప్ న్యూట్రల్‌ను అక్కడ కలిపితే, ఆ భాగాలకు 230 వోల్టులు అంది అవి కాలిపోవచ్చు. పేరు ఒకటే అయినా రెండు న్యూట్రళ్ళ స్థానం ఒకటి కాదు.

ఫ్యూజుల విషయమూ ఇటువంటిదే. అమెరికా 240లో రెండు తీగలూ ఫేజ్‌లే కనుక రెండింటికీ ఫ్యూజులు ఉంటాయి. యూరప్‌లో న్యూట్రల్ వైపు ఫ్యూజు ముందు పోతే, పరికరం ఆగిపోయినట్లు కనిపిస్తుంది; లోపల మాత్రం ఫేజ్ అలాగే ఉంటుంది. జర్మనీ మొదలైన దేశాల్లో వాడే షూకో ప్లగ్గును ఎటు తిప్పి అయినా గుచ్చవచ్చు. కాబట్టి ఒక తీగను మాత్రమే తెంచే స్విచ్ ఏ తీగను తెంచుతుందో చెప్పలేం. రెండు తీగలనూ ఏకకాలంలో తెంచే స్విచ్ లేదా బ్రేకర్ ఒక్కటే సరైన ఉపాయం.

రేడియో అలజడిని అణచడానికి ప్రతి సరఫరా తీగ నుంచి పెట్టెకు ఒక చిన్న కెపాసిటర్ ఉండడం పాత పరికరాల్లో మామూలు. అమెరికా 240లో ఒక్కొక్క దానిపై 120 వోల్టులే పడతాయి. రెండు ఫేజ్‌లూ పరస్పర వ్యతిరేక దిశల్లో ఉండడంతో వాటి లీకేజి ప్రవాహాలు ఎర్త్ తీగలో ఒకదాన్నొకటి రద్దుచేసుకుంటాయి. యూరప్‌లో మొత్తం 230 వోల్టులూ ఒక్క కెపాసిటర్ మీదే పడతాయి. రద్దుచేసే జోడీ ఉండదు. 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా సుమారు 0.7 మిల్లీ ఆంపియర్ల ప్రవాహం ఎర్త్‌లోకి వెళ్తుంది. ఎర్త్ సరిగా లేకపోతే పెట్టెను తాకిన చేయి జివ్వుమంటుంది. ఆ కెపాసిటర్ షార్ట్ అయితే ప్రాణాపాయం. వీటిని ఇందుకోసమే ఉద్దేశించిన వై తరగతి కెపాసిటర్లతో మార్చడం అవసరం.

5. ఇతర భాగాలపై ప్రభావం:

ఎస్‌బి-220లో 3-500జెడ్ రకం శూన్యనాళికలు రెండు ఉంటాయి. ఒక్కొక్క నాళిక తంతువుకు 5 వోల్టుల వద్ద సుమారు 14.5 ఆంపియర్లు కావాలి. వోల్టేజి 4.75కు తగ్గకుండా, 5.25కు మించకుండా ఉండాలి. 240కి అమర్చిన ట్రాన్స్‌ఫార్మర్‌కు 230 ఇస్తే తంతువుకు 4.79 వోల్టులు అందుతాయి. ఇది హద్దులోనే ఉంది. సరఫరా 220కి పడిపోతే 4.58, 253కి పెరిగితే 5.27 అవుతుంది. తక్కువైతే ఎలక్ట్రాన్ల ఉద్గారం తగ్గుతుంది, ఎక్కువైతే నాళిక ఆయుష్షు తగ్గుతుంది.

సరఫరాతో నేరుగా నడిచే పంకా వేగం పౌనఃపున్యంతో ముడిపడి ఉంటుంది. 60 హెర్ట్జ్‌ల వద్ద నిమిషానికి 3600 చుట్లకు లోబడి తిరిగే మోటారుకు 50 హెర్ట్జ్‌ల వద్ద హద్దు 3000. గాలి సుమారు ఆరవవంతు తగ్గవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ వేడి పెరిగిన సమయంలోనే చల్లబరిచే గాలి తగ్గుతుందన్నమాట. ఏకముఖ విద్యుత్తులోని అలలు కూడా సెకనుకు 120 నుంచి 100కు తగ్గి, వాటి పరిమాణం 20 శాతం పెరుగుతుంది. వడపోత కెపాసిటర్లు బాగుంటే ఇది పెద్ద సమస్య కాదు.

ఒక అనుకూలాంశం కూడా ఉంది. 1500 వాట్ల ప్రసారానికి సామర్థ్యం 60 శాతం అనుకుంటే 2500 వాట్లు లోనికి రావాలి. 120 వోల్టులపై ఇది దాదాపు 21 ఆంపియర్లు; 230పై 11 మాత్రమే. అమెరికా హామ్‌లు పెద్ద యాంప్లిఫయర్ల కోసం 240 లైను ప్రత్యేకంగా వేయించుకోవడానికి కారణం ఇదే.

6. పరిష్కారాలు – పరిమితులు:

మొదటగా తోచే మార్గం 230ని 120కి తగ్గించే బయటి ట్రాన్స్‌ఫార్మర్. కానీ అది వోల్టేజినే మారుస్తుంది, పౌనఃపున్యాన్ని కాదు. 120ని 50తో భాగిస్తే 2.4, ఉండవలసింది 2.0. పెరుగుదల 20 శాతం. నేరుగా 230కి కలిపినప్పటి 15 శాతం కన్నా ఇది అధ్వానం.

రెండవ మార్గం సరఫరాలోంచి 30 వోల్టులను తీసివేయడం. 30 వోల్టుల గౌణ తీగచుట్టను వ్యతిరేక దిశలో శ్రేణిలో కలిపితే 230 కాస్తా 200 అవుతుంది. 11 ఆంపియర్లకు ఈ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం 330 వోల్ట్-ఆంపియర్లు ఉంటే చాలు. అభివాహం సరిగ్గా 4.0కు వస్తుంది. అయితే మిగిలిన వోల్టేజిలన్నీ ఆరవవంతు తగ్గుతాయి. 3000 వోల్టులు 2500కు, తంతువు 5 వోల్టులు 4.17కు పడిపోతాయి. కనుక తంతువుకు వేరే ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు.

మూడవది, 50 హెర్ట్జ్‌లకు చుట్టించిన కొత్త ట్రాన్స్‌ఫార్మర్. ఖర్చు, బరువు ఎక్కువైనా ఇది శాశ్వత పరిష్కారం. అమెరిట్రాన్ వంటి సంస్థలు కొన్ని నమూనాల్లో సరఫరాకు తగినట్లు వోల్టేజిని కూడడానికో తీసివేయడానికో అదనపు తీగచుట్టను ట్రాన్స్‌ఫార్మర్‌లోనే అమర్చాయి.

వీటిలో ఏది అవసరమో పరీక్షించి తెలుసుకోవచ్చు. పరికరం మీద ‘50/60 హెర్ట్జ్’ అని ఉంటే తయారీదారు ఆ అవసరాన్ని గుర్తించినట్లే. ‘60 హెర్ట్జ్’ అని మాత్రమే ఉంటే, గౌణ తీగచుట్టలను విడదీసి, వేరియాక్ ద్వారా వోల్టేజిని సున్నా నుంచి నెమ్మదిగా పెంచుతూ ప్రవాహాన్ని కొలవాలి. 230 చేరకముందే ప్రవాహం నిటారుగా పెరగడం మొదలైతే, ఆ ట్రాన్స్‌ఫార్మర్ నేరుగా వాడడానికి తగదు. అలా పెరగకపోతే, ఒక గంట అలాగే ఉంచి వేడిని గమనించాలి. విడదీసిన కొసల మీద వేల వోల్టులు ఉంటాయి, సరఫరా ఆపినా కెపాసిటర్లలో ఆవేశం నిలిచి ఉంటుంది. కాబట్టి ఈ పరీక్ష అనుభవజ్ఞులే చేయాలి.

7. ముగింపు:

• అమెరికా 240, యూరప్ 230 వోల్టులు సంఖ్యలో దగ్గరవే గాని స్వభావంలో వేరు.
• 60 హెర్ట్జ్‌ల ట్రాన్స్‌ఫార్మర్‌కు 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌ల వద్ద అభివాహం 15 శాతం పెరుగుతుంది. ప్రసారశక్తిని తగ్గించినా ఇది తగ్గదు.
• వోల్టేజిని 120కి మార్చే పరికరం ఈ సమస్యను పరిష్కరించదు.
• న్యూట్రల్, ఫ్యూజు, స్విచ్, కెపాసిటర్ల అమరికను మార్చడం వాడేవారి ప్రాణరక్షణకు సంబంధించిన విషయం.
• సరఫరాలోంచి వోల్టేజిని తీసివేస్తే ట్రాన్స్‌ఫార్మర్ రక్షింపబడుతుంది గాని తంతువుకు వేరే ఏర్పాటు కావాలి.

భారతదేశంలోనూ గృహ సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌లే. అందువల్ల అమెరికా నుంచి యాంప్లిఫయర్ తెచ్చుకునే తెలుగు హామ్‌లకూ పై లెక్కలన్నీ వర్తిస్తాయి. పరికరం మీద రాసిన సంఖ్యను చదవడంతో సరిపెట్టుకోక, అది ఏ సందర్భంలో రాసిన సంఖ్యో తెలుసుకున్న తరువాతే ప్లగ్గు మార్చాలి.