ఫెయిరింగ్ చెవి విరిగిందా? పారవేయనక్కరలేదు

కరిజ్మా, పల్సర్ 220 వంటి మోటారు సైకిళ్ల ముందు భాగాన్ని కప్పే ప్లాస్టిక్ తొడుగే ఫెయిరింగ్. బోల్టు రంధ్రమున్న చిన్న చెవులే దానిని బండికి పట్టి ఉంచుతాయి. గతుకుల బాటలో అదురు వల్లనో, బోల్టును అతిగా బిగించడం వల్లనో ఇవి విరుగుతాయి. వదులైన తొడుగు హ్యాండిల్ తిరగకుండా అడ్డుపడితే ప్రాణాపాయమే.

ముందుగా తొడుగును విప్పి, లోపలివైపు అచ్చు గుర్తు చూడాలి. ‘ఏబీఎస్’ అని ఉంటే అది అసిటోన్‌లో కరుగుతుంది. అదే రకపు ప్లాస్టిక్ తునకలను మూత ఉన్న గాజు సీసాలో అసిటోన్ పోసి, ముద్ద అయ్యేదాకా నానబెట్టాలి. విరిగిన అంచులను ఉప్పుకాగితంతో రుద్ది, చెవిని యథాస్థానంలో నిలిపి, వెనుకవైపు సన్నని ఉక్కు జాలీని సోల్డరింగ్ ఐరన్ వేడితో ప్లాస్టిక్‌లోకి అదమాలి. అది చల్లారిన తరువాతే సీసా మూత తీసి ముద్ద పూయాలి. ఒక రోజైనా ఆరనివ్వాలి. పలకపై చీలిక ఉంటే దాని కొసన 3 మి.మీ. రంధ్రం వేస్తే అది ముందుకు సాగదు.

‘పీపీ’ రకానికి అసిటోన్ పనిచేయదు, మామూలు జిగురూ పట్టదు. అదే ప్లాస్టిక్ కడ్డీని కరిగించి అతకాలి.

అసిటోన్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. కనుక నిప్పుకు, పిల్లలకు దూరంగా, ఆరుబయట పని చేయడం క్షేమం.

తిరిగి బిగించేటప్పుడు రబ్బరు వాషరు మరువరాదు. అది లేనిచో అదురంతా నేరుగా చెవిపై పడి, అతుకు మళ్లీ ఊడుతుంది.