ఇంటిలోని శివారు భూములు

కృష్ణా గోదావరీ మండలములలో నేల గలవారికి శివారు అను మాటకు అర్థము వేఱుగ చెప్ప నక్కఱలేదు. పెద్దకాలువ నిండుగ బాఱుచుండును. లాకులయొద్ద కొలతబద్ద సరిగనే చూపుచుండును. లెక్కలలో ప్రతి యెకరమునకును నీరు ముట్టినట్లే యుండును. కాని కాలువ మొదట నున్న చేను మునుగుచుండగా శివారున నున్న చేను నెఱ్ఱెలు విచ్చి యాకాశమువంక జూచుచుండును. శివారు రైతు మొఱ పెట్టుకొన్నచో నతనికి దొరకు సమాధాన మొక్కటియే: కాలువలో నీరు నిండుగనే యున్నదిగదా యని.

ఇట్టి శివారు భూములు నేడు మన యిండ్లలోనే యేర్పడినవని మేము చెప్పినచో పాఠకులు నవ్వుకొనవచ్చును. కాని విచారించి చూచిన నిది హాస్యము గాదు. వీథి గుమ్మమువఱకు ఫైబరుతీగ వచ్చినది. హాలులో రౌటరు దీపములు వెలుగుచున్నవి. నెలసరి బిల్లు తప్పక వచ్చుచున్నది. యజమాని పడకకుర్చీలో గూర్చుండి యూపిరి సలుపకుండ చలనచిత్రములు జూచుచున్నాడు. పడమటింటిలో నున్న యిల్లాలి ఫోనునందు మాత్ర మొక చక్రము తిరుగుచునే యుండును. వెనుకగదిలో పరీక్షకు జదువుకొను పిల్లవానికి పాఠము మధ్యలో దెగిపోవును. ఇది యేమని యడిగినచో నచ్చటను అదే సమాధానము: హాలులో బాగుగనే వచ్చుచున్నదిగదా!

మా యింటిలో జరిగినదియే చెప్పెదము. మా తల్లిగారు వయోవృద్ధురాలు. నడక తగ్గినందున వెనుకగది విడిచి రాజాలదు. అమెరికాలో నున్న మనుమరాలు ప్రతిరాత్రియు తొమ్మిదిగంటల వేళ నామెతో ముఖాముఖిగ మాటలాడును. కొన్ని మాసములుగా నా ముఖము చదరములుగా చీలిపోవుచు, మాట సగములో నిలిచిపోవుచు వచ్చెను. "అది యేమో అంటున్నది, నాకు వినబడుటలేదురా" యని యామె ఫోను మా చేతికిచ్చి గోడవైపు తిరిగి పండుకొనెడిది. మేము సేవ నందించు సంస్థవారిని దూషించితిమి. సెకనుకు 50 మెగాబిట్ల పథకమును మాని, 200 మెగాబిట్ల పథకమునకు ఎక్కువ సొమ్ము చెల్లించితిమి. రెండువారములు గడచెను. వెనుకగదిలో మార్పేమియు లేదు. అప్పటికి గాని దోష మెక్కడనున్నదో పరీక్షింపవలయునను బుద్ధి మాకు బుట్టలేదు.

పరీక్ష మిక్కిలి సులభము. మొదట కంప్యూటరును తీగతో రౌటరునకు గలిపి వేగమును కొలువవలెను. పిదప రౌటరు నెదుటనే నిలిచి తీగ లేకుండ కొలువవలెను. అటుపిమ్మట శివారుగదికి బోయి కొలువవలెను. తీగతో గొలిచినపుడే వేగము తక్కువయైనచో దోషము సంస్థవారిది గావచ్చును, లేదా రౌటరుదో తీగదో గావచ్చును. హాలులో హెచ్చుగ నుండి గదిలో తగ్గినచో దోషము మన యింటిది.

మా యింట తీగతో కొలువగా 94 మెగాబిట్లు వచ్చెను. ఎన్నిమారులు కొలిచినను అదియే. ఈ 94 అను సంఖ్యలోనే రహస్యమంతయు గలదు. పాత రౌటరుల తీగరంధ్రములు సెకనుకు 100 మెగాబిట్లకు మించి పంపజాలవు. అందు చిల్లరఖర్చులు పోగా 94, 95 మిగులును. అనగా 200 మెగాబిట్లకు మేము చెల్లించిన సొమ్ములో సగము ఆ రంధ్రము వద్దనే నిలిచిపోయినది. తీగ లేకుండ హాలులో 45 వచ్చెను. తల్లిగారి గదిలో రెండో మూడో. కాలువను వెడల్పు చేయించితిమి గాని, ఇరుకైన తూమును జూడలేదు. తూము దాటిన పిదప బోదెను అసలే చూడలేదు.

ఈ నిస్తంత్రీ తరంగముల స్వభావమును కొంచెము తెలిసికొనుట మేలు. ఇవి మనకు క్రొత్తవి గావు. జగదీశచంద్ర బోసు మహాశయుడు 1890వ దశకమునందే కలకత్తా టౌనుహాలులో నిట్టి తరంగములను గోడలగుండ పంపి, దూరముననున్న గంటను మ్రోగించి, తుపాకిమందును పేల్చి చూపెను. మన యిండ్లలోని వైఫై పద్ధతికి మొదటి ప్రమాణము 1997లో నేర్పడినది. అప్పటి వేగము సెకనుకు 2 మెగాబిట్లు. 1999లో నది 11 మెగాబిట్లాయెను. 2009లో వచ్చినదానికి నాల్గవ తరమనియు, 2013లో వచ్చినదానికి అయిదవ తరమనియు పేరు. ఆఱవ తరపు పరికరములకు 2019లోను, ఏడవ తరపువానికి 2024 జనవరిలోను ధ్రువపత్రము లిచ్చుట మొదలైనది.

ఈ తరంగములు ముఖ్యముగ రెండు పట్టీలలో సంచరించును. ఒకటి 2.4 గిగాహెర్ట్జులది, దాని యల పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. రెండవది 5 గిగాహెర్ట్జులది. దాని యల అందులో సగమునకు లోపు. మొదటిది గోడలను గొంత మేరకు చొచ్చుకొని దూరము పోగలదు గాని, వేగము తక్కువ. పైగా ఇరుగుపొరుగుల రౌటరులు, బ్లూటూతు పరికరములు, వంటయింటి మైక్రోవేవు పొయ్యి, అన్నియు నా యిఱుకు సందులోనే త్రొక్కుకొనుచుండును. ఆ పట్టీలో నొండొంటితో తగులుకొనని మార్గములు మూడే: 1, 6, 11 సంఖ్యలు గలవి. రెండవ పట్టీ విశాలమైన రహదారి, వేగము హెచ్చు, కాని గోడ యడ్డము వచ్చినచో త్వరగా డస్సిపోవును. మన దేశమున 2.4 పట్టీ నిండ్లలో లైసెన్సు లేకుండ వాడుకొనుటకు 2005లో ననుమతి వచ్చినది. 5 గిగాహెర్ట్జుల పట్టీని 2018లో విశాలముగ విడుదల చేసిరి.

ఇక మన యిండ్ల గోడల సంగతి. అమెరికాలో చెక్కతోను పలుచని పలకలతోను గట్టిన యింటికి దగినట్టి యంత్రము, సున్నముతో మూరెడు మందమున గట్టిన మన మండువాలోగిలికి చాలదు. క్రొత్త యిండ్లలోని కాంక్రీటు శ్లాబునందు ఇనుపచువ్వల వల యుండును. అది మేడమీదికి పోవు తరంగములను పట్టి యాపును. ఇనుపబీరువా, నిలువుటద్దము, ఫ్రిజ్జి, నీళ్ల తొట్టి, ఇవన్నియు శత్రువులే. లోహము తరంగమును ప్రక్కకు ద్రోసివేయును. నీరు దానిని త్రాగివేయును. మా రౌటరెక్కడ నుండెను? వీథిగదిలో, టెలివిజను వెనుక, ఇనుపబీరువాను ఆనుకొని. తీగ తెచ్చిన పనివానికి అచ్చట మేకు గొట్టుట సుకరమైనందున నచ్చట వ్రేలాడదీసి పోయెను. మేమును అచ్చటనే యుంచితిమి.

కావున మొదటి చికిత్సకు కాసు ఖర్చులేదు. రౌటరును ఇంటి నడుమకు, ఆరడుగుల యెత్తునకు, మఱుగు లేని చోటికి మార్చవలెను. అందునకు తీగను గొంత పొడిగింపవలసి వచ్చినను వెనుదీయరాదు. ఈ యొక్క మార్పుతోనే పెక్కు చిన్న యిండ్ల బాధ తీరును. ఇది చేయకముందే క్రొత్త యంత్రము కొనుట, మడి గట్టు వేయక మోటారు కొన్నట్లుండును.

ఇది చాలనిచోట క్రొత్త రౌటరు కొనవలసినదే. అంగడిలో మోసపోకుండుటకు కొన్ని సంగతులు మనసున నుంచుకొనవలెను. పెట్టెమీద 3000 అనియు, 1500 అనియు పెద్ద యక్షరములతో ముద్రింతురు. 3000 అన్నది రెండు పట్టీల కాగితపు వేగములను గూడి వ్రాసిన మొత్తము: ఒకదానిలో 574, రెండవదానిలో 2402. మీ ఫోను సాధారణముగ నొక పట్టీలోనే నడచును. అందును కాగితపు వేగములో సగము ముట్టినచో నదృష్టమే. రెండు వేఱు బావుల నీటిని గూడి ఒక బావి లోతని చెప్పినట్లున్నది ఈ లెక్క. మఱియొక తికమక గలదు. పథకములను మెగాబిట్లలో నమ్ముదురు. మనము దింపుకొను వస్తువులను మెగాబైట్లలో గొలుతుము. ఎనిమిది బిట్లొక బైటు. 100 మెగాబిట్ల పథకమున సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లే వచ్చును.

చూడవలసినవి మూడు. మొదటిది, రెండు పట్టీలును గలిగియుండుట. రెండవది, తీగరంధ్రములన్నియు గిగాబిట్టువై యుండుట. 100 మెగాబిట్లకు మించిన పథకము గలవారికి ఇది తప్పనిసరి. మూడవది, ఆఱవ తరమునకు జెందియుండుట. పాత తరములలో నొక్కొక్క పరికరము తన వంతువఱకు కాచుకొనవలెను. ఆఱవ తరమున నొకే వంతులో పలు పరికరములకు కొంచెము కొంచెముగ పంచు పద్ధతి గలదు. ఇంట పది పదిహేను పరికరములున్న కుటుంబమున కిది మేలు. ఏడవ తరము కొఱకు తొందరపడ నక్కఱలేదు. దాని గొప్పదనమున ముఖ్యభాగము 6 గిగాహెర్ట్జుల పట్టీపై నాధారపడినది. అమెరికావా రా పట్టీని 2020లోనే విడిచిరి. మన ప్రభుత్వము దానిలోని దిగువ 500 మెగాహెర్ట్జులకు ముసాయిదా నియమములను 2025 మే మాసమున ప్రకటించెను. పైగా, ఫోనుగూడ నా తరమునదై యుండనిదే రౌటరొక్కటి యేమి చేయగలదు?

కొమ్ములెక్కువ గల రౌటరు దూరము పోవునని కొందఱి నమ్మకము. అది పూర్తిగ నిజము గాదు. ప్రసారబలమునకు చట్టము హద్దు విధించినది. అంతకంటె ముఖ్యము: సంభాషణ కిద్దఱుండవలెను. రౌటరు కేక ఫోనునకు వినబడినను, ఫోను గొణుగుడు రౌటరునకు వినబడవలెను గదా! కావున పెద్దయింటికి పెద్దగొంతుక గాక, రెండుమూడు చోట్ల చిన్నగొంతుకలు గావలెను.

ఇందునకు మార్గములు మూడు గలవు. చౌకయైన మాఱుపలుకు యంత్రము ఒకటి: అది విన్నదానిని తిరిగి చెప్పును, వినుటయు చెప్పుటయు నొకే పట్టీలో నైనందున వేగము సుమారు సగమగును. రెండవది మెష్ అను కూటమి: రెండుమూడు యంత్రములొక్కటిగ పనిచేయును, నడచుచు మాటలాడువారి ఫోనును ఒకటి రెండవదానికి అప్పగించును. కాని వాని నడుమ మందపుగోడ యున్నచో నవియు నీరసించును. మూడవది, మా దృష్టిలో నుత్తమమైనది, శివారుగదివఱకు ఈథర్నెట్టు తీగను లాగి యచ్చట నొక చిన్న యంత్రమును పెట్టుట. మంచి తీగ 100 మీటర్ల దూరము గిగాబిట్టు వేగమును దించకుండ మోయును. వైర్లెస్ బాగుపడుటకు వైరు కావలెననుట వింతగ దోచవచ్చును; కాని మేమెరిగినంతలో నింతకు మించిన నమ్మకమైన యుపాయము లేదు. ఇల్లు కట్టుకొనువారు విద్యుత్తు గొట్టములతో బాటు ఈ తీగకును ప్రత్యేకముగ నొక గొట్టమును గోడలో వేయించుకొన్నచో, వెనుక పగులగొట్టు పని తప్పును.

సంస్థవా రిచ్చిన పెట్టెను పాఱవేయరాదు. ఫైబరు వెలుగును మనకు పనికివచ్చు సంకేతముగ మార్చున దదియే. దానిని వంతెనవలె మాత్రము పనిచేయునట్లు చేసి, క్రొత్త రౌటరునకు పెత్తన మీయవలెనని సంస్థవారి నడుగవలెను. మన ఖాతా పేరును సంకేతపదమును వారివద్ద వ్రాయించుకొనవలెను. లేనిచో రెండు యంత్రములును పెత్తనము జేసి చిక్కులు దెచ్చును.

రక్షణను గూర్చి యొక్కమాట. 2016లో మిరాయ్ అను దుష్టక్రమణిక లోకమున లక్షలకొలది కెమెరాలను, రౌటరులను వశపఱచుకొని పెద్ద సంస్థలపై దాడి జేసినది. అది తాళములు పగులగొట్టలేదు. కర్మాగారమున నిచ్చిన సంకేతపదములను యజమానులు మార్చనందున తెఱచిన తలుపునుండియే ప్రవేశించినది. కావున క్రొత్త రౌటరు పెట్టిన దినముననే దాని పరిపాలనా సంకేతపదమును మార్చవలెను. డబ్ల్యుపిఎ మూడు, లేదా కనీసము రెండు, అను రక్షణను పెట్టవలెను. కర్మాగారపు సవరణలను తమంతట వచ్చునట్లు చేయవలెను. విద్యుత్తు పోయినపు డీ పెట్టెల నాలుగైదు గంటలు నిలుపు చిన్న బ్యాటరీలును అంగడిలో దొరకుచున్నవి. పల్లెలలో నివి చాల యవసరము.

దేశమున బ్రాడ్‌బ్యాండు అన్న పేరునకు 2004లో 256 కిలోబిట్లు చాలునన్నారు. 2013లో 512 అన్నారు. 2023 జనవరిలో 2 మెగాబిట్లు చేసిరి. గ్రామపంచాయతీలకు ఫైబరు వేయు పథకమును 2011లో ననుమతించిరి. అదియే నేటి భారత్‌నెట్టు. ఆంధ్రప్రదేశమున 2017 డిసెంబరు 27వ తేదీని రాష్ట్రపతి రామనాథ్ కోవింద్‌గారు ఫైబర్‌నెట్టును ప్రారంభించినపుడు నెలకు 149 రూపాయలకు 15 మెగాబిట్లని ప్రకటించిరి. ఇంత దూరము వచ్చిన తీగ మన గుమ్మము దాటిన పిదప, చివరి ముప్పదియడుగులలో నెండిపోవుచున్నదన్న దోష మెవరిది?

మే మీ ప్రశ్నకు సమాధానము వెదకగా సిగ్గుపడవలసి వచ్చినది. రౌటరు వీథిగదిలో నుండుటకు తీగ సౌకర్య మొక్కటియే కారణము గాదు. ఆ గదిలో కూర్చుండువాడు యజమాని. ఫిర్యాదు చేయువాడును, బిల్లు కట్టువాడును వాడే. అతనికి బాగుగ వచ్చుచున్నంతకాల మింటికంతకును బాగుగ వచ్చుచున్నట్లే లెక్క. పడమటింటి స్త్రీలు, వెనుకగది వృద్ధులు, మిద్దెమీది పిల్లలు శివారు రైతులు. వారి మొఱ కచ్చేరికి చేరదు.

మేము రౌటరును మండువాలోనికి మార్చి, ఆఱవ తరపు యంత్రమును గొని, తల్లిగారి గదివఱకు దూలము వెంబడి ముప్పదియడుగుల తీగను లాగించి యచ్చట నొక చిన్న యంత్రమును పెట్టితిమి. పథకమును తిరిగి 100 మెగాబిట్లకు తగ్గించితిమి. గదిలో నిప్పుడు 90కి తక్కువ వచ్చుటలేదు. మొదటిరాత్రి మనుమరాలి ముఖము చీలకుండ నిలిచినపుడు మా తల్లిగా రన్నమాట: "ఇది చిక్కిపోయిందిరా. ఇన్నాళ్లూ నాకు కనబడనే లేదు."

పాఠకమహాశయులకు మా విన్నప మొక్కటియే. నేటిరాత్రి ఫోను చేతబట్టుకొని తమ యింట నెవరి మాటయు బయటికి వినబడని గది యేదో యచ్చటికి బోయి వేగము కొలువుడు. రౌటరు కొనుట తరువాతి సంగతి.